తుళ్ళే గాలిలో గాలిమర కుదురుగా నిలవాలంటే: గోదావరి డెల్టాలో ఏది ఎంచుకోవాలి

ఇంట్లో చేసుకున్న గాలిమర గాలికి ఎదురుగా నిలవకుండా అటూ ఇటూ కొట్టుకుంటుంటే చాలామంది ముందు తోక మీద పడతారు. దాన్ని పెద్దది చేస్తారు, బరువు కడతారు, బేరింగు మారుస్తారు. తోక ముఖ్యమే గానీ వరసలో అది మూడోది. మొదటిది చోటు, రెండోది ఎత్తు. చెట్లకీ మేడలకీ తగిలి చీలిపోయి వచ్చే గాలిని ఏ తోకా సరిచేయలేదు. డబ్బు ఖర్చు పెట్టాల్సిన వరస కూడా ఇదే: వంద రూపాయలు ఉంటే అరవై స్తంభానికి, నలభై మిషనుకి.

లెక్కలన్నీ ఒకే మిషనుకి చూద్దాం. 2.4 మీటర్ల వ్యాసం, చెక్క రెక్కలు, కరెంటు పుట్టించడానికి శాశ్వత అయస్కాంతాల ఆల్టర్నేటర్, 24 లేదా 48 వోల్టుల బ్యాటరీ. లేత్ షాపు, వెల్డింగు షాపు ఉన్న ఏ ఊళ్ళోనైనా చేయించుకోగలిగిన సైజు ఇది. రెక్కలు చుట్టే వైశాల్యం 4.5 చదరపు మీటర్లు. సెకనుకి 5 మీటర్ల గాలిలో ఆ వైశాల్యం గుండా పోయే శక్తి సుమారు 330 వాట్లు, అందులో బ్యాటరీకి చేరేది 80 వాట్ల చిల్లర. గాలి రెట్టింపై 10 మీటర్లయితే శక్తి 8 రెట్లవుతుంది, 600 వాట్ల పైన వస్తుంది. చెరువు దగ్గర షెడ్డు లైట్లకి, కెమెరాకి, ఫోన్లకి, ఒక ఫ్యానుకి ఇది సరిపోతుంది. రొయ్యల చెరువులో 2 హెచ్‌పీ ఏరేటర్‌ని మాత్రం తిప్పలేదు. దానికి 1500 వాట్లకి తగ్గకుండా రాత్రంతా కావాలి. ఏరేటర్ మీద ఆశతో రెక్కలు పొడుగు చేసుకుంటూ పోతే ఎదురు దెబ్బ కుదుపుల దగ్గరే తగులుతుంది. రెక్క పొడుగు పెరిగిన కొద్దీ మొదలు మీద పడే బరువు దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మేడ, కొబ్బరితోట, ఏటిగట్టు, చెరువుగట్టు

గాలికి ఏదైనా అడ్డం వస్తే, ఆ అడ్డం ఎత్తుకి రెట్టింపు ఎత్తు వరకూ, వెనకవైపు 20 రెట్ల దూరం వరకూ గాలి సుడులు తిరుగుతుంది. ముందువైపు కూడా రెట్టింపు ఎత్తంత దూరం చెడుతుంది. ఈ లెక్క కోనసీమకి పట్టుకొస్తే విషయం తేలిపోతుంది. నాటు కొబ్బరి 18 మీటర్లు ఉందనుకుంటే 36 మీటర్ల ఎత్తు దాకా, 360 మీటర్ల దూరం దాకా గాలి పాడు. అమలాపురం, రాజోలు చుట్టుపక్కల తోటల మధ్య ఇల్లున్నవాళ్ళకి మా సలహా ఒక్కటే: ఇంటి దగ్గర గాలిమర పెట్టకండి. ఆ డబ్బుతో సోలార్ పలకలు కొనుక్కోండి. తోటలో మిషను తిరుగుతూ కనిపిస్తుంది, కరెంటు రాదు, బేరింగులు మాత్రం అరుగుతాయి. కొబ్బరిచెట్టు మొదలుకే పైపు కట్టేద్దామన్న ఆలోచన ఇంకా చెడ్డది. ఆ చెట్టు ఊగి బతుకుతుంది, దాని మీదున్న మిషను ఊగి చస్తుంది.

మేడ మీద పెట్టడం చవక, అందుకే అందరికీ ముందు అదే తడుతుంది. 8 మీటర్ల డాబా అంచుకి కొట్టుకున్న గాలి పైకి లేచి, శ్లాబు మీద గుండ్రంగా తిరుగుతుంది. పిట్టగోడ మీద 3 మీటర్ల పైపు నిలబెడితే మిషను సరిగ్గా ఆ సుడిలోనే ఉంటుంది. పైగా రెక్కల అదురు పైపు గుండా శ్లాబులోకి దిగి, రాత్రి కింద గదిలో మోగుతుంది. రబ్బరు వాషర్లు వేస్తే మోత కొంత తగ్గుతుంది గానీ గాలి మారదు.

ఏటిగట్టు దగ్గర గాలి బ్రహ్మాండంగా ఉంటుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల వెడల్పు మీదుగా అడ్డం లేకుండా వస్తుంది. కానీ వరదగట్టుని తవ్వకూడదు. స్తంభం తాళ్ళు పట్టే లంగరుకి తీసిన గొయ్యి ఒక్కటి చాలు, వరదలో నీరు దారి చేసుకోవడానికి. గట్టుకి లోపలివైపు, సొంత పొలంలో, గట్టు మొదలుకి దూరంగా పెట్టుకోండి. గట్టు కూడా ఒక అడ్డమే కనుక దాని ఎత్తుని లెక్కలో కలుపుకోండి.

డెల్టాలో అసలైన చోటు చేపల చెరువుల, రొయ్యల చెరువుల గట్లు. భీమవరం వైపు గానీ, అంతర్వేది, ఓడలరేవు వైపు గానీ, నీటి మీదుగా వచ్చే గాలి నున్నగా ఉంటుంది, నేలకి దగ్గర్లోనే వేగం అందుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి. ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం వైపు నుంచి. కాబట్టి పడమర, దక్షిణం ఈ రెండు వైపులా కనీసం 200 మీటర్లు, వీలైతే 300 మీటర్లు ఖాళీ ఉన్న గట్టు వెతకండి. ఉత్తరాన చెట్లున్నా నష్టం తక్కువ. చలికాలపు ఈశాన్యపు గాలి ఎలాగూ పెద్దగా పని చేయించదు.

చోటు నిర్ణయించే ముందు ఒక పరీక్ష. గట్టి గాలిపటం ఎగరేసి, దారానికి ప్రతి 3 మీటర్లకీ మూర పొడుగు రిబ్బను కట్టండి. కరెంటు తీగలకి బాగా దూరంగా, పొడి నూలు దారంతోనే. కింది రిబ్బన్లు నాలుగు వైపులా కొట్టుకుంటాయి, ఒక ఎత్తు దాటాక ఒకే వైపు బారుగా నిలుస్తాయి. మీ స్తంభం ఆ ఎత్తు దాటాలి. మధ్యాహ్నం ఒకసారి, పడమటి గాలి పట్టాక మరోసారి చూడండి. ఈ రెండు గాలుల్లో ఎత్తు వేరుగా వస్తే పెద్దదాన్నే పట్టుకోండి.

స్తంభం: ఎంత ఎత్తు, ఏ రకం

చెట్లూ ఇళ్ళూ ఉన్న ఊరి పక్కన 6 మీటర్ల నుంచి 18 మీటర్లకి పెంచితే గాలి వేగం సుమారు 1.4 రెట్లవుతుంది. శక్తి వేగానికి మూడో ఘాతం కనుక 2.7 రెట్లు. చెరువుల మధ్య బయలులో అంత తేడా ఉండదు, 12 మీటర్లతోనే పని జరుగుతుంది. రెక్కల కింది అంచు 100 మీటర్ల లోపు ఉన్న ప్రతి అడ్డం కన్నా 9 మీటర్లు పైన ఉండాలన్నది కనీసపు నియమం. బోదె పక్క షెడ్డు 3 మీటర్లుంటే ఆ నియమానికి 13 మీటర్ల పైపు చాలు.

నాలుగు కాళ్ళ జాలీ టవరు ఒకటి, తాళ్ళు కట్టి మడత మీద పైకెత్తే పైపు ఇంకొకటి. జాలీ టవరుకి తక్కువ చోటు చాలు, తాళ్ళ గొడవ లేదు. కానీ డెల్టా బంకమట్టిలో దాని పునాది బాగా పెద్దది కావాలి, ప్రతి మరమ్మతుకీ ఎక్కాలి, తుఫానుకి దించలేరు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో కోనసీమ కొబ్బరితోటలు ఎలా నేలకొరిగాయో తెలిసిన చోట, దించడానికి వీల్లేని మిషను కట్టడం మంచి పని కాదు. మడత స్తంభమే ఎంచుకోండి.

3 అంగుళాల జీఐ పైపు, 5–6 మీటర్లకొక వరస తాళ్ళు, వరసకి నాలుగు. మూడు తాళ్ళతోనూ నిలబడుతుంది గానీ పైకెత్తేటప్పుడు పక్కలకి ఒరుగుతుంది. పక్క తాళ్ళ లంగర్లు రెండూ మడత బోల్టుతో ఒకే గీత మీద, ఒకే మట్టంలో ఉండాలి. ఇది తప్పితే ఎత్తుతుంటే ఒక తాడు బిగిసి రెండోది వదులవుతుంది, పైపు వంగిపోతుంది. పై వరస తాళ్ళని ఇరుసుకి 1.4 మీటర్లు కింద కట్టాలి, లేకపోతే రెక్క తాడుకి తగులుతుంది. పైకెత్తే అడ్డకర్ర, అంటే స్తంభం మొదట్లో దానికి అడ్డంగా బిగించి లాగే పైపు, స్తంభం ఎత్తులో మూడో వంతుకి తగ్గకూడదు. చేతి వించితో ఎత్తండి. ట్రాక్టరు లాగితే కుదుపుతో లాగుతుంది, డ్రైవరుకి వెనక ఏమవుతోందో కనపడదు.

లంగరు దగ్గర డెల్టాకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడ నీటి మట్టం పైకే ఉంటుంది, చెరువుగట్టు పక్క ఇంకా పైకి. కాంక్రీటు ఘనమీటరుకి 2400 కిలోలు. నీళ్ళలో మునిగితే అది ఎదురు పట్టే బరువు 1400 కిలోలే. పొడినేల లెక్క ప్రకారం అరఘనమీటరు దిమ్మ 1200 కిలోలని ధైర్యపడితే, వానాకాలంలో మీ చేతిలో ఉండేది 700. తాళ్ళని స్తంభం ఎత్తులో సగం దూరానికి కడితే, పైన 150 కిలోల తోపుకి లంగరు మీద పైకి లాగే బలం 300 కిలోలు. స్తంభం ఎత్తంత దూరానికి కడితే అదే 150. చోటుంటే తాళ్ళు దూరం జరపడమే దిమ్మ పెంచడం కన్నా చవక. దిమ్మ కిందివైపు వెడల్పుగా పోయండి. మీదున్న మట్టి బరువు కూడా కలిసొస్తుంది.

నిలువు ఇరుసా, అడ్డ ఇరుసా

తుళ్ళే గాలికి నిలువు ఇరుసు మిషనే మందు అని వీడియోల్లో చెబుతుంటారు. అందులో నిజం సగమే. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా తిరుగుతుంది కనుక తోక సమస్య ఉండదు, నిజమే. 200 లీటర్ల డ్రమ్ములు నిలువునా కోసి, రెండు అంతస్తులుగా 90 డిగ్రీల తేడాతో కట్టిన మిషను వైశాల్యం 1.7 చదరపు మీటర్లు దాకా వస్తుంది. సెకనుకి 5 మీటర్ల గాలిలో దాన్నుంచి 15–20 వాట్లు ఆశించవచ్చు. ఆ రకం గాలి శక్తిలో 12–15 శాతం పట్టుకుంటే గొప్ప. తిరుగుడు నెమ్మది, కాబట్టి ఆల్టర్నేటరుకి పెద్ద చుట్లు కావాలి. బరువు ఎక్కువ, పైకెత్తడం కష్టం. అన్నిటికన్నా, తుఫాను గాలికి దాని ఒళ్ళు తగ్గదు. ఆపినా డ్రమ్ము డ్రమ్మే. సెకనుకి 40 మీటర్ల గాలి చదరపు మీటరు మీద 95 కిలోలు తోస్తుంది.

సన్నటి నిలువు రెక్కల రకం ఎక్కువ పట్టుకుంటుంది గానీ దానంతట అది మొదలవదు. ప్రతి చుట్టులోనూ రెక్క మీద బలం అటూ ఇటూ మారుతుంది, వెల్డింగులు అలసిపోయి విరుగుతాయి. చేతిపనికి అది వద్దు.

డ్రమ్ము మిషను ఎవరికంటే, ఎత్తు పెంచడానికి ఏ మాత్రం వీల్లేక, ఒక ఎల్‌ఈడీ దీపం వెలిగితే చాలనుకునేవాళ్ళకి. మిగతా అందరికీ అడ్డ ఇరుసే. తోక లేకుండా రెక్కలు వెనకవైపు తిరిగే రకం కూడా ఉంది. ప్రతి రెక్కా స్తంభం చాటు నుంచి పోయినప్పుడల్లా ఒక దెబ్బ తింటుంది, గాలి తుళ్ళితే ఆ రకం గుండ్రంగా తిరిగేస్తుంది. దాన్ని వదిలేయండి.

రెండు రెక్కలా, మూడా అంటే మూడే. రెండు రెక్కలు నిలువుగా ఉన్నప్పుడు మిషను తల (స్తంభం చివర గాలి వైపు తిరిగే భాగం) తేలిగ్గా పక్కకి తిరుగుతుంది, అడ్డంగా ఉన్నప్పుడు మొండికేస్తుంది. గాలి దిక్కు మారినప్పుడల్లా చుట్టుకి రెండు దెబ్బలు స్తంభానికి తగులుతాయి. మూడింటికి ఈ తేడా ఉండదు. నిలకడైన సముద్రపు గాలిలో రెండు రెక్కలతో నెట్టుకురావచ్చు, తోటల అంచున కుదరదు. చెక్క ముడుల్లేనిదై, నార రెక్క పొడుగునా బారుగా ఉండాలి. పీవీసీ పైపు రెక్కలు నేర్చుకోవడానికి బాగుంటాయి, 2.4 మీటర్లకి వంగి స్తంభాన్ని కొడతాయి. అల్యూమినియం అసలొద్దు, కుదుపులకి చెప్పకుండా తెగుతుంది.

తోక: పెద్దదైతే మంచిదనుకోవడం పొరపాటు

తిరుగుతున్న రెక్కల చక్రాన్ని పక్కకి తిప్పితే అది ఎదురు తిరుగుతుంది. ఎంత వేగంగా తిప్పితే అంత గట్టిగా. 2.4 మీటర్ల చెక్క రోటారు నిమిషానికి 400 చుట్లు తిరుగుతుండగా, తల సెకనుకి 60 డిగ్రీలు తిరిగితే ఇరుసు మీద పడే మెలిక సుమారు 85 న్యూటన్ మీటర్లు. మీటరు పొడుగు కడ్డీ చివర 8–9 కిలోలు వేలాడదీసినంత. తోక పెద్దదై తల రెట్టింపు వేగంతో తిరిగితే మెలికా రెట్టింపు. తోక చిన్నదైతే మిషను గాలి వైపు చూడదు, పెద్దదైతే ప్రతి చిన్న సుడికీ ఉలిక్కిపడి తిరిగి రెక్కల మొదళ్ళు పగలగొడుతుంది.

అందుకే తోక రేకు వైశాల్యం రెక్కలు చుట్టే వైశాల్యంలో 7–9 శాతం ఉంచండి. మన మిషనుకి 0.3 నుంచి 0.4 చదరపు మీటర్లు. తోక కడ్డీ పొడుగు రెక్క పొడుగంత, 1.2 మీటర్లు. వైశాల్యం తగ్గించి కడ్డీ పొడుగు పెంచితే ఊగిసలాట త్వరగా చల్లారుతుంది, కాబట్టి సందేహంలో ఉంటే కడ్డీ పొడిగించండి. రేకు 9 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ అయితే ఉప్పుగాలికి ఆగుతుంది, మోగదు.

స్థిరంగా వెల్డు చేసిన తోకా, మడిచే తోకా అన్నది అసలైన ఎంపిక. 1.2 మీటర్ల లోపు చిన్న మిషనుకి స్థిరమైన తోక చాలు. 2.4కి మడిచే తోక తప్పనిసరి. ఇరుసుని తల పైపు మధ్య గీతకి 100–125 మిల్లీమీటర్లు పక్కకి జరిపి కడతారు. గాలి తోపు వల్ల రోటారు ఆ పక్కకి తిరిగిపోవాలని చూస్తుంది. తోక మడతబందు నిలువుకి 20 డిగ్రీలు వాల్చి ఉంటుంది కనుక తోక మడవాలంటే పైకి లేవాలి, దాని బరువే రోటారుని ఎదురుగా పట్టి ఉంచుతుంది. తోపు ఆ బరువుని మించితే తోక లేస్తుంది, రెక్కలు గాలికి పక్కకి తిరిగి బతికిపోతాయి. సెకనుకి 9–10 మీటర్ల దగ్గర మడవడం మొదలవ్వాలి. ముందే మడిస్తే తోక చివర పావు కిలో చొప్పున బరువు కలపండి, ఆలస్యమైతే తీయండి. తుళ్ళే చోట కాస్త ముందే మడిచేలా ఉంచడం మంచిది. కొన్ని వాట్లు పోతాయి, రెక్కలు మిగులుతాయి.

గాలి విసురు తగ్గగానే తోక దబ్బున పడుతుంది. కింద ఆగే చోటా, పైన ఆగే చోటా పాత టైరు ముక్క రెండు పొరలు బోల్టులతో బిగించండి. పైన ఆపు లేకపోతే తోక రెక్కల్లోకి వెళ్తుంది. మడతబందులో గ్రీజు ఎండితే తోక మడవకుండా ఇరుక్కుంటుంది, ఆ ఒక్క లోపంతో ఒక్క గాలివానలో ఆల్టర్నేటరు కాలిపోతుంది.

తల తిరిగే చోటు

ఇక్కడ బాల్ బేరింగు వేయాలన్న కోరిక సహజం. వేయకండి. ఉచితంగా తిరిగే తల ప్రతి సుడికీ ఊగుతుంది, పైగా బంతులు ఒకే చోట అటూ ఇటూ కదిలి గుంటలు పెడతాయి, ఉప్పుగాలి మిగతా పని చేస్తుంది. పైపు మీద పైపు మేలు. స్తంభం చివర 2 అంగుళాల పైపు, దాని మీద 300 మిల్లీమీటర్ల పొడుగు రెండున్నర అంగుళాల పైపు. మన మార్కెట్ మీడియం పైపులతో మధ్య 8 మిల్లీమీటర్ల దాకా వదులొస్తుంది. పైనా కిందా లేత్ మీద గన్‌మెటల్ బుష్‌లు తిప్పించి వేయండి. నైలాన్ అయితే తేమకి ఉబ్బి పట్టేస్తుంది, కనుక దానికి అర మిల్లీమీటరు అదనంగా వదులు ఉంచాలి. గ్రీజు చిక్కగా, నీటికి కడుక్కుపోని రకం ఉండాలి.

రాపిడి ఎంత ఉండాలో తూచి చూడొచ్చు. నేల మీద నిలబెట్టిన పైపుకి తల ఎక్కించి, తోక చివర స్ప్రింగు త్రాసు తగిలించి అడ్డంగా లాగండి. 150–250 గ్రాముల దగ్గర కదలాలి. అంటే సెకనుకి 3–4 మీటర్ల గాలికి తిరుగుతుంది. అంతకన్నా తక్కువ గాలిలో ఎలాగూ కరెంటు రాదు. 100 గ్రాములకే కదిలితే గ్రీజు చిక్కనిది వేయండి, తల పైపుకి పైన మూతగా ఉండే పళ్ళెం కింద మందపాటి ఫైబర్ వాషరు పెట్టండి.

కరెంటు కిందికి తేవడానికి స్లిప్ రింగుల (తల తిరుగుతున్నా కరెంటు అందించే రాపిడి రింగుల) కన్నా పైపు లోపల వేలాడే కేబులు మంచిది, కింద ప్లగ్గు. మెలికలు పడితే ప్లగ్గు తీసి విప్పండి. తీరంలో రింగులు పచ్చబడి నిప్పురవ్వలు కొడతాయి.

ఊగుతుంటే ఎక్కడ వెతకాలి

నిలకడైన మధ్యాహ్నపు గాలిలో కూడా తల 30–40 డిగ్రీలు ఊగుతుంటే రాపిడి తక్కువ, లేదా తోక కడ్డీ పొట్టి. చిన్న గాలిలో ఎప్పుడూ ఒకే వైపు చూస్తుంటే స్తంభం నిలువుగా లేదు. బరువైన తోక పల్లం వైపుకి జారుతుంది, తూకపు గుండుతో చూడండి. చుట్టుకి ఒక్కసారి చొప్పున ఎప్పుడూ అదురుతుంటే రెక్కల తూకం తప్పింది: కొనల మధ్య దూరాలు 3 మిల్లీమీటర్ల లోపు సమానంగా ఉండాలి, కొనలు స్తంభం ముందు 5 మిల్లీమీటర్ల తేడా లోపు ఒకే దారిలో పోవాలి, మిగిలింది సీసపు ముక్కలతో సరిచేయాలి. వానాకాలం తర్వాత చెక్క తేమ పీల్చి తూకం మళ్ళీ మారుతుంది. ఒకే ఒక్క వేగం దగ్గర స్తంభం మోగితే తాళ్ళ బిగువు కొద్దిగా మార్చండి.

లోడు కూడా నిలకడలో భాగమే. బ్యాటరీ నిండాక ఛార్జింగు కంట్రోలరు మిషనుని బ్యాటరీ నుంచి తెంచేస్తే రెక్కలు పగ్గం లేకుండా ఎగిరిపోతాయి. నిండాక హీటరు చుట్టకి మళ్ళించే కంట్రోలరే కావాలి, ఆ చుట్ట మిషను గరిష్ఠ శక్తికి ఒకటింబావు రెట్లకి తగ్గకూడదు. 24, 48 వోల్టుల మధ్య 48 తీసుకోండి. 600 వాట్లకి 40 మీటర్ల దూరం, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 24 వోల్టులతో 150 వాట్లు తీగల్లోనే పోతాయి, 48తో 40 లోపు.

తుఫాను హెచ్చరిక వస్తే ముందు రోజే దించండి. ఆల్టర్నేటరు నుంచి వచ్చే మూడు ఫేజుల తీగలూ కలిపే బ్రేకు స్విచ్చు గాలి తగ్గినప్పుడే వేయాలి. ఉధృతంగా తిరుగుతున్నప్పుడు వేస్తే ఆగకుండా చుట్లు కాలొచ్చు. రెక్కలు ఆగాక తాడుతో కట్టి, వించితో స్తంభం దించి, రెక్కలు విప్పి లోపల పెట్టండి. తలని పైపుకే కట్టేయండి. గట్టు మీద నీళ్ళు వచ్చే చోటైతే ఆల్టర్నేటరు కింద రెండు ఇటుకల ఎత్తు పెట్టండి, ఉప్పునీళ్ళు తగిలితే అయస్కాంతాలు తుప్పు పట్టి పొక్కుతాయి. మళ్ళీ ఎత్తాక పది రోజులకి తాళ్ళన్నీ మరోసారి బిగించాలి. నానిన బంకమట్టి ఆరేటప్పుడు లంగరు కొద్దిగా కదులుతుంది.